క్రొయేషియా వాళ్ళ వెయ్యిన్నూట పదహార్లు

31 డిసెంబరు 2022, శనివారం. మచిలీపట్నం. హాజరు: సువార్త గారు, కిరణ్, నేను. ఫోనులో హైదరాబాదు మేనేజరు. కింద దుకాణంలో రోకళ్ళ చప్పుడు.

ఆ చివరి మాట హాజరులో రాయదగ్గది కాదు. డైరీ మొదలుపెట్టిన నాటి నుంచి ఆ వరసలో మనుషుల్ని తప్ప మరి దేన్నీ చేర్చలేదు. ఆ రోజు ఎందుకు చేర్చానో నాకే తెలియదు. మొన్న ఉదయం పోస్టాఫీసు పని మీద ఆ వీధిలో నడుస్తుంటే అదే చప్పుడు మళ్ళీ వినిపించింది. తొక్కుడు లడ్డు కోసం వేయించిన శనగపిండి పూసను దంచుతున్నారు. నెయ్యీ బెల్లమూ కలిసిన వాసన వీధి మలుపు దాకా వస్తోంది. తల ఎత్తి పై అంతస్తు వైపు చూశాను. మా ఆఫీసు బోర్డు ఉండే చోట ఇప్పుడు స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల బోర్డు ఉంది. ఇంటికొచ్చి పేపరు తిరగేస్తే, యూరపులో ఇంకో దేశం తన డబ్బు మానేసి యూరోకి మారిందన్న వార్త కనిపించింది. మూడేళ్ళ కిందటి డైరీ తీసి ఆ పేజీ చదివాను. సువార్త గారి గురించి రాయకుండా ఆ పేజీ మూయబుద్ధి కాలేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. చేరిన కొత్తలో ఒక సర్క్యులరు చదివి, మా పై అధికారితో "అర్థం కాలేదు సార్" అన్నాను. ఆయన కోప్పడలేదు. వారం తిరక్కుండా నన్ను నాగాయలంకకు బదిలీ చేశారు. అక్కడి మనుషులు మంచివాళ్ళు, చేపల పులుసు ఇంకా మంచిది. కానీ ఎందుకు పంపారో నాకు తెలుసు, ఆఫీసులో అందరికీ తెలుసు. తిరిగి బందరు వచ్చాక ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు. అర్థం కాని చోట తల ఊపడం నేర్చుకున్నాను. అందులో ఎంత నేర్పు సంపాదించానంటే, ప్రమోషన్లు కూడా వేళకే వచ్చాయి.

రిటైరయ్యాక ఒకనాడు ఆ దుకాణంలో లడ్డు కొంటున్నాను. పెట్టె మూత మీద ఒక బరువు, పక్కన ఇంకో బరువు రాసి ఉన్నాయి. ఏది నమ్మాలని అడిగితే దుకాణదారు తిని చూడమంటున్నాడు. మేడమెట్ల మీద ఫోనులో మాట్లాడుతున్న ఒకావిడ, ఫోను ఆపి నా దగ్గరికి వచ్చారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నుదుటి మీద కళ్ళజోడు, చేతిలో స్కూటరు తాళం.

"బాబాయి గారూ, మీరు ప్రతిదీ ఇలాగే చదువుతారా?"

కొట్లాటకు వచ్చారనుకున్నాను. చదువుతానన్నాను.

"కంప్యూటరు వచ్చా?"

"రాదమ్మా."

"మరీ మంచిది. రేపట్నుంచి పైకి రండి."

పైన రెండు గదులు. ఒకదాంట్లో సువార్త గారు, ఇంకోదాంట్లో కిరణ్. కిరణ్ గుడ్లవల్లేరులో ఇంజనీరింగు చదివి, రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చేవాడు. వాళ్ళు చూసుకునేది ఒక బిల్లుల ప్రోగ్రాము. యూరపులో క్రొయేషియా లాంటి దేశాల్లో సముద్రం ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు వేసవిలో యాత్రికులకు గదులు అద్దెకిస్తారట, వాళ్ళు వాడేది. ప్రోగ్రాము హైదరాబాదు కంపెనీది. దాన్ని ఏ దేశానికి ఆ దేశపు అలవాట్ల ప్రకారం సర్దే పని సువార్త గారిది. ఆ ఒక్క కాంట్రాక్టు మీదే ఆఫీసు నడిచేది. అది పోతే బోర్డు దింపేయడమేనని ఆవిడ మొదటి రోజే చెప్పారు.

మొదటి రోజే లొకేల్ అనే మాట కూడా చెప్పారు. బీరువాలో ఒక్కో దేశానికి ఒక్కో అర ఉందనుకోమన్నారు. తారీఖు ముందు రాయాలా నెల ముందు రాయాలా, కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, డబ్బు పేరేమిటి, అన్నీ ఆ అరలో ఉంటాయి. ప్రోగ్రాము ఏ దేశంలో తెరుచుకుంటే ఆ అరలోంచి తీసుకుంటుంది. నేను అలవాటుగా తల ఊపాను.

"ఏం అర్థమైంది? చెప్పండి," అన్నారు.

చెప్పలేకపోయాను. కిరణ్ నవ్వు ఆపుకోవడం కనిపించింది. తర్వాత తెలిసింది, వాణ్ణి కూడా రోజూ అలాగే నిలదీస్తారని.

"బాబాయి గారూ, అర్థమైన వాళ్ళు ఇక్కడ ఇద్దరం ఉన్నాం. మా ఇద్దరికీ తప్పు కనబడదు. మీకు అర్థం కాలేదని చెప్పడానికే జీతం. తల ఊపితే కోత పెడతాను."

ఆ సాయంత్రం డైరీలో "అర్థం కాలేదు" అని రాశాను. అంతకుముందు డైరీల్లో ఆ మాట ఎక్కడా కనబడదు. ఆ తర్వాత దాదాపు రోజూ కనబడుతుంది. క్రొయేషియా వాళ్ళు మనం కామా పెట్టే చోట చుక్క, చుక్క పెట్టే చోట కామా పెడతారు. వెయ్యి దాటిన బిల్లు చూసి ఒకటింపావు లాంటిదేదో అనుకుని, ఇంత చవకగా గది ఎలా ఇస్తున్నారని నేను రెండు రోజులు మథనపడ్డాను. ఆవిడ విసుక్కోలేదని అనను. విసుక్కునేవారు, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చునేవారు, కింద దుకాణం వాళ్ళు పంపిన లడ్డు పొడి నోట్లో వేసుకుని చర్చి పాట ఏదో సన్నగా పాడుకునేవారు. పాట అయ్యాక కుర్చీ ఇటు తిప్పి, ఏది అర్థం కాలేదో మళ్ళీ మొదట్నించి చెప్పమనేవారు.

పరీక్ష కోసం దొంగ బిల్లులు తయారుచేసే పని నాది. గది అద్దె ఎంతైనా రాయవచ్చు. నా చెయ్యి సున్నాతో ముగిసే అంకె రాయదు. నూట పదహారు, అయిదు వందల పదహారు, వెయ్యిన్నూట పదహారు అనే రాసేవాణ్ణి. కిరణ్‌కి అది పెద్ద వేడుక.

"తాతగారూ, వాళ్ళు గదులు అద్దెకిస్తున్నారా, పెళ్ళి చేస్తున్నారా? ఈ చదివింపులేంటండీ?"

వాడి మాట నిజమే. కానీ గుండు సున్నా పెట్టి ఒకరి చేతికి బిల్లు ఇవ్వడం, ఉత్తుత్తి బిల్లయినా సరే, నాకు చేతకాదు. సువార్త గారు రాసుకోనివ్వమన్నారు.

ఆ ఏడాది చివర్లో అసలు పని వచ్చింది. క్రొయేషియా జనవరి ఒకటి నుంచి తన కునాలు వదిలేసి యూరోకి మారుతోంది. ఏడున్నర కునాలకు ఒక యూరో. అరలో డబ్బు పేరు మార్చితే చాలనుకున్నాను. డిసెంబరులో ఒక బిల్లు మీద కునా ధర, దాని కిందే యూరో ధర, రెండూ కనబడ్డాయి. గదికి రెండుసార్లు వసూలు చేస్తున్నారని గోల చేశాను. సువార్త గారు పని ఆపించారు. చివరికి తేలిందేమిటంటే, జనం అలవాటు పడేందుకు కొన్నాళ్ళపాటు రెండు ధరలూ చూపించాలని అక్కడి చట్టమే చెబుతోందట. హైదరాబాదు మేనేజరు ఫోనులో పెద్దగా నవ్వాడు. మీ పెద్దాయన్ని ఇంట్లో రామకోటి రాసుకోమనమన్నాడు. ఆ చట్టం సంగతి నాకు చెప్పకపోవడం తన పొరపాటేనని సువార్త గారు అతనికి జవాబిచ్చారు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక డిసెంబరు ముప్ఫై ఒకటి. సాయంత్రం ఆరింటికల్లా మార్చిన ప్రోగ్రాము పంపాలి. మోపిదేవి దగ్గర సువార్త గారి సొంత ఊరు. ఏటా ఆ రాత్రి అక్కడి చర్చిలో పాత సంవత్సరాన్ని సాగనంపే ఆరాధనకు తప్పకుండా వెళ్ళేవారు. వాళ్ళ నాన్నగారు హార్మోనియం వాయించిన చర్చి అది. తెల్ల పట్టుచీర కవరులో పెట్టి కుర్చీకి తగిలించుకున్నారు. కిరణ్ కూడా సంచీ సర్దుకున్నాడు. చివరిసారి చూడమని నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

కొత్త బిల్లులు బాగానే ఉన్నాయి. వెయ్యిన్నూట పదహారు కునాల గది నూట నలభై ఎనిమిది యూరోల చిల్లరగా మారింది. ఊరికే, ఆగస్టు తారీఖుతో నేను రాసిన పాత బిల్లు ఒకటి తెరిచాను. దాని మీద వెయ్యిన్నూట పదహారు అలాగే ఉంది. పక్కన మాత్రం యూరో గుర్తు ఉంది.

చాలాసేపు చూశాను. ఇది కూడా వాళ్ళ చట్టమేనేమో. పాత బిల్లు పాతదే కదా, అంకె మారకూడదు, మారలేదు. మరి గుర్తు? మొన్న చేసిన గోల, ఆ నవ్వు గుర్తొచ్చాయి. కుర్చీకి వేలాడుతున్న చీర కనబడింది. నా తల దానంతటదే ఊగబోయింది.

"సువార్త గారూ," అన్నాను, "అర్థం కాలేదమ్మా."

కిరణ్ సంచీ కింద పెట్టాడు. చూసి, "అంకెని నేను ముట్టుకోలేదు తాతగారూ. గుర్తు అరలోంచి వస్తుంది. అర మార్చమన్నారు, మార్చాను," అన్నాడు.

"అది తెలిసింది నాయనా. ఆ మనిషి ఆగస్టులో ఇచ్చింది ఏ డబ్బు?"

వాడు కూర్చుని ప్రోగ్రాము లోపల వెతికాడు. పాత బిల్లుల్లో అంకె ఒక్కటే దాచి ఉంది. డబ్బు పేరు లేదు. తెరిచినప్పుడల్లా అరలోంచి తెచ్చి అతికిస్తుంది. అర మారగానే ఇన్నేళ్ళ బిల్లులూ ఒక్కసారిగా ఏడున్నర రెట్లు పెరిగి కూర్చున్నాయి. నూరో వెయ్యో ఉంటే నేనూ దాటిపోయేవాణ్ణి. ఆ పదహారే కంటికి అడ్డుపడింది.

సువార్త గారు మేనేజరుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు. అతను సగం వినగానే, మళ్ళీ ఆ పెద్దాయనేనా అన్నాడు. ఆయనే సార్ అన్నారు ఈవిడ. పాత బిల్లులు ఎవరు చూస్తారు, ఇప్పుడు పంపించెయ్యి, సోమవారం చూద్దామన్నాడు. ఆరింటికల్లా రాకపోతే కాంట్రాక్టు రెన్యువల్ తన చేతిలో ఉండదన్నాడు. ఫోను పెట్టేశాక ఆవిడ కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. పాట రాలేదు. కింద రోకళ్ళ చప్పుడు ఒక్కటే వినబడింది. పంపించెయ్యమ్మా, నేను ముసలాణ్ణి, నాకేం తెలుసు అందామనుకున్నాను. అనలేదు.

కుర్చీ ఇటు తిరిగింది.

"ఆగస్టులో దిగి వెళ్ళినవాడు ఆఫీసులో చూపించడానికి బిల్లు మళ్ళీ అడుగుతాడు. ఆ ఇంటావిడ ఇది తీసి ఇస్తుంది. ఆవిడ దొంగ అవుతుంది, బాబాయి గారూ. ఎందుకో ఆవిడకి అర్థం కూడా కాదు." తర్వాత కిరణ్‌తో అన్నారు: "మీ అమ్మగారికి ఫోను చెయ్యి. ఈ రాత్రికి గుడివాడ రానని చెప్పు."

తనూ ఊరికి ఫోను చేశారు. ఇవతలి మాటే నాకు వినబడింది. "లేదమ్మా, రాలేను. నా బదులు నువ్వే పాడు." నన్ను మాత్రం ఇంటికి పంపేశారు. నా పని అయిపోయిందట.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ప్రతి పాత బిల్లుకీ దాని డబ్బు పేరు దానికే కట్టేశారు, అర మారినా బిల్లు మారకుండా. క్రొయేషియాలో రాత్రి పన్నెండు కొట్టే లోపలే, అంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర లోపలే, అది అక్కడికి చేరింది. అక్కడ ఎవరికీ ఏమీ తెలియలేదు. కాంట్రాక్టు మాత్రం పోయింది. ఎండలు ముదరక ముందే బోర్డు దిగింది. కిరణ్‌కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సువార్త గారు పూనాలో ఉన్నారు, క్రిస్మస్‌కి ఫోను చేస్తారు. నా ఒక్క మాట వల్లే ఆఫీసు పోయిందా, ఎలాగూ పోయేదేనా? చాలాసార్లు ఆలోచించాను, తేలలేదు. కానీ ఇప్పుడు డాక్టరు ముందైనా, బ్యాంకు కౌంటరు దగ్గరైనా నా తల ఊగదు. అర్థం కాలేదండీ అంటాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటారు. ఇంకోసారి చెప్పమంటాను.

ఇక మర్నాటి ఉదయం. ఆదివారం. గేటు దగ్గర స్కూటరు ఆగింది. సువార్త గారు తెల్ల చీరలో ఉన్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బందరులోనే ఉదయం ఆరాధనకు వెళ్ళి వస్తున్నారట. హైదరాబాదు నుంచి మెసేజీ వచ్చిందని, రెన్యువల్ లేదని, నిలబడే చెప్పారు.

"నేను ఊరుకుంటే బాగుండేదేమోనమ్మా?"

"ఊరుకునేవాళ్ళయితే మీకెందుకు జీతం ఇస్తాను?" అన్నారు. తర్వాత హ్యాండుబ్యాగులోంచి చిన్న కార్డు తీశారు. కొత్త సంవత్సరం నాడు చర్చిలో పళ్ళెంలో కార్డులు పెడతారట. ఒక్కొక్కరు చూడకుండా ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అందులో ఉంటుందని నమ్మకం. తనకొకటి తీసుకుని, నా పేరున ఇంకొకటి తీశారు.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ప్రెస్సులో కత్తిరించినప్పుడు పై వరస పోయింది. ఎవరో ఎవరికో ఏదో ఇస్తానంటున్నారని మాత్రం తెలుస్తోంది. ఏమిటో, ఎవరికో ఆ పోయిన వరసలో ఉండి ఉండాలి. ఇప్పటికీ ఏటా జనవరి ఒకటిన పాత డైరీలోంచి కొత్త డైరీలోకి ఆ కార్డును మారుస్తుంటాను.

"ఇది అర్థం కాలేదమ్మా," అన్నాను.

ఆవిడ కార్డు తీసుకుని చదివారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ మొదట్నించి చదివారు.

"నాకూ అర్థం కాలేదు బాబాయి గారూ," అని, అరుగు మీద కూర్చుని, కాఫీ అడిగారు.