మా మేనేజర్ పాట

అమెరికాలో నోవై అనే ఊళ్లో మాది జపాన్ కంపెనీ. శుక్రవారం లంచ్‌కి టీమంతా కరోకేకి వెళ్తాం. అక్కడ మా మేనేజర్ అభిమాన జపనీస్ పాప్ గాయని పాటలు ఎవరైనా పాడవచ్చు, ఒక్కటి తప్ప. అది ఆయనది. నాలుగేళ్లుగా దాని జోలికి ఎవరూ పోలేదు. పోయిన నెల మాత్రం ఆయనే ఆ పాట పెట్టి, మైక్ ఒకసారి కెవిన్‌కి, ఇంకోసారి మేరీకి ఇచ్చాడు. పాడిన రోజు సాయంత్రమే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి.

అప్పుడు పెళ్లికని ఇండియా వెళ్లిన సురేశ్‌కి ఈ సంగతి తెలియదు. ఈ రోజు మైక్ అతనికి వచ్చింది. స్క్రీన్ మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చివరిదాకా పాడాడు. మేనేజర్ తల వంచుకుని చప్పట్లు కొట్టాడు.

తిరిగి వస్తుంటే కార్‌లో సురేశ్ అడిగాడు.

"అన్నా, సార్ తన పాటే నాకిచ్చిండు. ఇగ గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తరంటవా?"

"చూద్దాం లేరా" అన్నాను. రోడ్డు మీద మంచు చూస్తూ డ్రైవ్ చేశాను.

నాలుగింటికి హెచ్‌ఆర్ పిలిస్తే, ఆ పాటే కూనిరాగం తీస్తూ వెళ్లాడు.

వచ్చే శుక్రవారానికి నేను గొంతు నొప్పి తెచ్చుకోవాలి. మీ ఆఫీసుల్లో ఉద్యోగం పోతుందని ముందుగా ఎలా తెలుస్తుందో కాస్త చెప్పండి. తెలిసినవాడు పక్కవాడికి చెప్తాడా, అదీ చెప్పండి.