మాఫీ అయిన ఏడాది

నాలుగు రోజుల కింద పొద్దున్నే చెత్త ఆటో మా నాగర్‌కర్నూల్ వీధిలోకి వచ్చినప్పుడు, దాని మైకులో రోజూ వినిపించే తడి చెత్త పొడి చెత్త పాట బదులు ఇంకో మాట వినిపించింది. ఇంటిపన్ను బకాయి పడినవాళ్లు గడువులోగా అసలు కట్టేస్తే వడ్డీలో చాలా భాగం మాఫీ చేస్తారట. పక్కింటావిడ బుట్ట చేతిలో పట్టుకునే, ఇన్నాళ్లకు ఒక మంచి మాట చెప్పారని సంబరపడింది. నాకు మాత్రం మాఫీ అన్న మాట చెవిన పడగానే చేతిలో ఉన్న చీపురు అలాగే ఉండిపోయింది, ఆ పూట వంటలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తు లేదు. పాలమూరు కూలి కుటుంబాల్లో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్లకు ఇది సగం అర్థమయ్యే ఉంటుంది. మిగతావాళ్లు నవ్వుకున్నా ఫరవాలేదు, నేను చెప్పవలసింది చెబుతాను.

మా ఇల్లు వనపర్తిలో ఉంది. ఇల్లు అనడం కూడా కాస్త గొప్పకే, అర్ర అనే మట్టిగోడల గది ఒకటి, దాని ముందు నలుగురు కూర్చుంటే ఐదోవాడు ఎండలో ఉండాల్సిన వసారా ఒకటి. తాత కట్టిన ఇంటి నడుమ గోడ లేపి నాన్న ఒక పక్క, చిన్నాయన ఒక పక్క ఉండేవారు. ఆ పంపకానికి కాగితం లేదు, ఆ జాగాకే కాగితం లేదు, అప్పట్లో మా వాడలో ఎవరికీ లేదు. ఉన్నదల్లా ఏడాదికోసారి ఇంటిపన్ను కట్టినప్పుడు బిల్ కలెక్టరు చింపి ఇచ్చే రసీదు ముక్క. ఎవరైనా ఈ ఇల్లు నీదని ఏమి రుజువు అంటే ఆ ముక్క చూపించడమే. అందుకే మా వాడవాళ్లు తిండికి లేకపోయినా పన్నుకు ఉంచుకునేవారు, బిల్ కలెక్టరు ఆలస్యంగా వస్తే ఆయన్నే వెతుక్కుంటూ పోయేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. రిజిస్టరులో పేరు నాన్నదే ఉండిపోయింది. దాన్ని మార్పించుకోవాలని అమ్మకు తెలియదు, తెలిసినా ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక లేదు. అయితే అమ్మ తెలివైనది. మొదటి ఏడాది పన్ను కట్టేటప్పుడే బిల్ కలెక్టరును బతిమాలి, నాన్న పేరు కింద ‘చేతి మీదుగా’ అని రాసి తన పేరు రాయించుకుంది. ఆ అలవాటు అలాగే నిలిచిపోయి, మా ఇంటి రసీదు ఎవరు రాసినా డబ్బు తెచ్చినవాళ్లను చేతి మీదుగా ఎవరి పేరు రాయాలని అడిగి మరీ రాసేవారు. అక్షరం ముక్క రాని అమ్మ ఆ ఒక్క వరుసను మాత్రం గుర్తుపట్టేది. వేలితో తడిమి, ఇది నేను, అని నాకు చూపించేది.

దసరా వెళ్లగానే గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకుని, రాయచూరు అవతల ఎక్కడెక్కడి కాలువల మట్టిపనికో అమ్మ పోయేది, మళ్లీ వానాకాలానికి వచ్చేది. నన్ను హాస్టల్లో వేసింది. పోయేటప్పుడు రసీదులన్నీ యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టి, తాను కప్పుకునే బొంత పొరల మధ్య పెట్టి కుట్టేసుకునేది. ఎండాకాలంలో ఆ బొంత కప్పుకుంటే ప్లాస్టిక్ చెమట పట్టి ఒళ్లంతా పేలేదట. అయినా విప్పేది కాదు. ఇంట్లో పెట్టి పోవచ్చు గదా అంటే నడిమి గోడ వైపు చూసి ఊరుకునేది.

ఆ గోడ అవతల చిన్నాయన ఉండేవాడు. నిజం చెప్పాలంటే ఆయన మాకు చేసిన చెడు ఏమీ నాకు గుర్తులేదు. మార్కెట్ యార్డులో హమాలీ, మెడ మీద బస్తా మోసి మోసి తల కొంచెం ఒక పక్కకు వంగి ఉండేది. మాట తక్కువ. సెలవులకు నేను వస్తే చిన్నమ్మ చేత జొన్నరొట్టె పంపేవాడు. కానీ వాడలో నోళ్లు ఊరుకుంటాయా? ఆడపిల్ల ఒక్కతే, రేపు పెళ్లయి పోతుంది, ఆ అర్ర ఎప్పటికైనా మరిదికే, అని అమ్మ వినేట్టే అనేవారు. ఒక్క ఏడాది ఆయన ముందుగా పోయి పన్ను కట్టి, చేతి మీదుగా అన్నచోట తన పేరు రాయించుకుంటే చాలు, ఇల్లు చేతులు మారినట్టేనని అమ్మ భయం. అందుకే ఎంత దూరాన ఉన్నా మార్చి నెలలో ఎవరో ఒకరి చేతికి డబ్బిచ్చి పంపేది, లేకపోతే కూలి పోగొట్టుకుని తానే వచ్చేది.

నాకు ఇరవై ఏళ్లు నిండగానే అమ్రాబాద్ పక్క ఊళ్లో బాల్వాడీ టీచరు ఉద్యోగం దొరికింది. జీతం చిన్నదే గానీ నా నడకే మారిపోయింది, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు అది. ఇక పన్ను కట్టే బాధ్యత నాదే అన్నాను, అమ్మ ఒప్పుకుంది. మొదటి ఏడాది బుద్ధిగా కట్టాను. రెండో ఏడాది వనపర్తి వచ్చేసరికి, మా వాడలోలాంటి చిన్న చిన్న ఇళ్లకు ఆ ఏటి నుంచి పన్ను లేదని చెప్పుకుంటున్నారు. నేను పొంగిపోయాను. ఆఫీసు గడప కూడా తొక్కకుండా అదే పూట బస్సెక్కి వెనక్కి పోయాను, ఆ డబ్బుతో ఒక గొడుగు కొనుక్కున్నాను, ఇక నుంచి మనకు ఇంటిపన్ను బాధ లేదు, మాఫీ అయింది, నువ్వు నిశ్చింతగా ఉండు, అని అమ్మకు ఉత్తరం రాశాను. అంత ముత్యాల్లాంటి అక్షరాలతో నేను మళ్లీ ఏ ఉత్తరమూ రాయలేదు.

ఆ ఉత్తరం పని జాగాలో మేస్త్రీ చదివి వినిపించాడట. వారం తిరక్కుండా అమ్మ మా బాల్వాడీ ముందు ప్రత్యక్షమైంది. రాయచూరు నుంచి గద్వాల, గద్వాల నుంచి వనపర్తి, అక్కడ ఒక్క క్షణం ఆగకుండా అమ్రాబాద్, కాళ్లకు కాలువ మట్టి అలాగే ఉంది. పిల్లల ముందే నా భుజాలు పట్టుకుని కుదిపేసింది.

“రసీదేదే? ఈ ఏటి రసీదేది? సదువుకున్నవు గదా, గింత తెల్వదా నీకు?”

పన్నే లేనప్పుడు రసీదెక్కడిది అని నేను చెబుతూనే ఉన్నాను, చెబుతూ ఉండగానే నాకు అర్థమైంది. పన్ను లేకపోతే రసీదు లేదు. రసీదు లేకపోతే అమ్మ లేదు.

మర్నాడు ఇద్దరం వనపర్తి ఆఫీసుకు పోయాం. దారి పొడవునా అమ్మ బస్సు కిటికీ ఊచను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అక్కడి గుమస్తా వయసైన మనిషి, కసురుకునే రకం కాదు. అమ్మ కొంగుముడి విప్పి డబ్బు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన మళ్లీ ఆమె వైపే జరిపాడు. అలా మూడుసార్లు అటూ ఇటూ అయ్యాక అమ్మకు కాలువల మీద నేర్చిన కన్నడమే నోట్లోకి వచ్చింది.

“మాఫీ బేడ సారూ, బేడ, వద్దు. నా పన్ను నువ్వు తీస్కో, నా రసీదు నాకియ్యి.”

“ఎవలన్న పన్ను వద్దంటే సంతోషపడ్తరు, నువ్వేందమ్మా గిట్ల ఏడుస్తవు?” అని ఆయన నవ్వబోయి, అమ్మ ముఖం చూసి మానుకున్నాడు. పన్ను లేని ఇంటికి రసీదు రాస్తే తన ఉద్యోగం పోతుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ తరువాత, ఊరికే మాటవరసకు అన్నట్టు, ఇంకో మాట అన్నాడు.

“మొన్న ఒకాయన గూడ వచ్చిండు, గదే ఇంటికి పన్ను కడ్తనని. నీ మరిదట. మెడ జర వంకరుంటది. ఆయనకు గూడ గిదే చెప్పి పంపిన.”

ఎవరి పేరు రాయమన్నాడని నేను అడిగాను. డబ్బు తీసుకుంటే గదా పేరు అడిగేది, రసీదు పుస్తకమే తెరవలేదు, అన్నాడు గుమస్తా. వదిన ఊళ్లో లేదు, పిల్ల కట్టకుండా వెళ్లిపోయింది, గడువు దాటిపోతుందని ఆమె పేరు మీదే కడదామని పోయాడా? లేక ఇన్నేళ్లు కాచుకున్న అదను దొరికిందని తన పేరు కోసం పోయాడా? అమ్మకు ఆ రెండోది ప్రశ్నే కాదు, ఖాయమైన సంగతి.

రసీదుకు బదులు గుమస్తా ఒక ఉపాయం చెప్పాడు. పన్ను లేకపోయినా నల్లా నీళ్ల బిల్లు ఉంటుంది, నీ పేరు మీద నల్లా పెట్టించుకుంటే నెలనెలా నీ పేరుతోనే కాగితం వస్తుంది, అన్నాడు. నల్లా అంటే ఆ రోజుల్లో మాటలా? అమ్మ మేస్త్రీ దగ్గర ఇంకో అడ్వాన్సు తీసుకుంది. దానికి బదులు ఆ వానాకాలం ఇంటికి రాలేదు, వరసగా పద్దెనిమిది నెలలు మట్టి మోసింది. తిరిగి వచ్చినప్పుడు మోకాళ్లు పట్టేసి, బస్సు మెట్టు దిగడానికి కండక్టరు చెయ్యి అందించవలసి వచ్చింది. ఆ మోకాళ్లు మళ్లీ బాగుపడలేదు. నా మూలానే అని నేను చాలాసార్లు ఏడ్చాను, ఆమె ఎదుట మాత్రం ఏడవలేదు.

మా వాడలో ఇంట్లో నల్లా ఉన్న ఇల్లు మాదొక్కటే అయింది. అందరూ వచ్చి పట్టుకునేవారు, అమ్మ ఎవరినీ వద్దనేది కాదు, గోడ అవతలి వాళ్లను తప్ప. నోరు తెరిచి వద్దన్నదీ లేదు. వాళ్లూ రాలేదు. యార్డు నుంచి వచ్చిన చిన్నాయన, ఆ వంగిన మెడతోనే, భుజాన బిందె పెట్టుకుని మా గడప ముందు నుంచే వీధి చివరి పంపుకు పోయేవాడు. మా నల్లా కింద నీళ్లు పొర్లిపోతున్నా తల తిప్పేవాడు కాదు. సెలవులకు వచ్చిన నేను చూసి కూడా, చిన్నాయనా ఇక్కడ పట్టుకో, అనలేదు. అమ్మకు కోపం వస్తుందని కొంత, నాకూ అనుమానమే ఉండి కొంత. ఆయన పోయినప్పుడు అమ్మ దినాలకు వెళ్లింది, వాకిట్లోనే నిలబడి తిరిగి వచ్చింది.

తరువాత పన్నులు మళ్లీ వచ్చాయి, ఆ నల్లా కాగితాలు చూపించే ఇల్లు అమ్మ పేరు మీదకు మారింది. అమ్మ కూడా పోయింది. అందులో అద్దెకున్నవాళ్లు పన్ను కడుతున్నారని నేను, నేను కడుతున్నానని వాళ్లు అనుకుంటూ ఏళ్లు గడిచాయి. ఈ చెత్త ఆటో కేక విని, వనపర్తి ఇంటి సంగతేమిటో ఆదరాబాదరాగా కోడలిని ఫోనులో చూడమంటే బకాయి, దాని మీద వడ్డీ, పైన అమ్మ పేరు కనిపించాయి. కోడలు అక్కడికక్కడే నిలబడి కట్టేసింది. నీ పేరేమిటి, నువ్వెవరు, ఎవరి చేతి మీదుగా అని ఆ ఫోను అడగలేదు. అడగలేదేమని నేను కంగారు పడితే, ఎవరు కట్టినా ఒకటే గదత్తయ్యా, అని నవ్వింది.

పేరు నా మీదకు మార్చడానికి మాత్రం పక్కింటివాళ్ల సాక్షి సంతకం కావాలన్నారు. పక్కిల్లంటే చిన్నాయన ఇల్లే. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చిన్నమ్మ పెట్టనంటే? ఇన్నేళ్లు గుర్తురాని చిన్నమ్మ సంతకానికి గుర్తొచ్చిందా అంటే? నిన్న పొద్దున ధైర్యం చేసి వనపర్తి పోయాను. చిన్నమ్మకు చూపు ఆనడం లేదు, గొంతు విని గుర్తుపట్టింది. కాగితం ఏమిటని కూడా అడగకుండా బొటనవేలు చాచింది. ఆ వేలికి సిరా అద్ది కాగితం మీద ఒత్తించాను. అప్పుడు అడిగాను, నలభై ఏళ్ల కింద అడగవలసిన మాట. ఆ రోజు చిన్నాయన ఎవరి పేరు మీద కట్టడానికి పోయాడు?

“నాకేమెరుక బిడ్డా,” అంది వేలు కొంగుకు తుడుచుకుంటూ. “పని ఇడిసిపెట్టి వోయిండు, పైసలు వాపసు దెచ్చిండు. మీ అమ్మ ఒక్కపారన్న వచ్చి అడుగుతదని మస్తు దినాలు జూసిండు. అడిగితే చెప్పేటోడు గదా.”

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. ఇప్పుడు అన్నీ సుళువయ్యాయి, గడువులు మైకులో చెబుతారు, వడ్డీలు మాఫీ చేస్తారు, కూర్చున్నచోటి నుంచే కట్టుకోవచ్చు, నా మనవలకు రసీదు కోసం బొంత కుట్టుకునే గతి పట్టదు, అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. కానీ ఆ ఒక్క ఏడాది మా వాడకు పన్ను మాఫీ కాకుండా ఉంటే బాగుండునని మాత్రం నాకు ఇవాళ్టికీ ఉంది. గుమస్తా ఆ డబ్బు తీసుకునేవాడు, పేరు అడిగేవాడు, చిన్నాయన ఏదో ఒక పేరు చెప్పేవాడు. అది అమ్మ పేరైనా ఆయన పేరైనా, ఆయన బిందెతో మా గడప ముందు నుంచి పోతున్నప్పుడు పిలవాలో వద్దో నాకు తెలిసేది.