జోయెల్ వద్దన్న రిపోర్ట్

2004. అమెరికాలోని అరోరాలో నేను కంటి క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. మన తెలుగువాళ్ళు చూపు కోసం కంటే సర్టిఫికెట్ల కోసమే ఎక్కువగా వచ్చేవారేమో. నేనూ ఎవరికీ లేదనలేని మనిషిని.

ఒక సోమవారం ప్రకాశంగారు కొడుకు జోయెల్‌ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన మా తెలుగు చర్చిలో పెద్ద. జోయెల్ రాష్ట్ర బాక్సింగ్ ఛాంపియన్. చదువు ఖర్చుల కోసం ఆర్మీ రిజర్వ్‌లో చేరాడు. ఇరాక్ వెళ్ళమని ఆర్డర్స్ రాగానే కాన్షియెన్షియస్ ఆబ్జెక్టర్‌గా, అంటే మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్ళనివాడిగా, అప్లై చేశాడు. శుక్రవారం ఆర్మీవాళ్ళ ముందు హియరింగ్. వాళ్ళు నమ్మకపోతే, వీడు మొండికేస్తే జైలే.

"కళ్ళు బాలేవని ఒక్క ముక్క రాసివ్వండి డాక్టర్‌గారూ," అన్నారు ప్రకాశంగారు.

చూడకుండా రాయకూడదు కదా అని చుక్కలు వేసి చూశాను. కుడి కంట్లో నిజంగానే రెటినల్ టేర్ ఉంది. కంటి వెనకుండే పల్చటి పొరలో చిరుగు. లేజర్ చేస్తే చూపు నిలుస్తుంది. బాక్సింగ్ మాత్రం ఇక మానేయాలి. ఇలాంటి కన్నుతో యుద్ధానికీ పంపరు.

"దేవుడే చూపించాడు," అని ప్రకాశంగారు కళ్ళు తుడుచుకున్నారు. జోయెల్ చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"లేజర్ చేయండి అంకుల్. రిపోర్ట్ మాత్రం హియరింగ్ అయ్యాక ఇవ్వండి, ప్లీజ్."

"ఎందుకురా, ఇది చూపిస్తే వదిలేస్తారు," అన్నాను.

"కన్ను బాగున్నా నేను వెళ్ళను. అది వాళ్ళకి చెప్పాలి."

"మనుషుల్ని కొట్టేవాడివి, నమ్ముతారా?"

"అదే అడుగుతారు. రింగ్‌లో అవతలివాడు ఇష్టపడి వస్తాడు. వాడు పడిపోతే నేను ఆగుతాను అంకుల్. వార్‌లో ఆగనివ్వరు."

సరేనని మాటిచ్చి, లేజర్ చేశాను. ఆ మూడు రోజులూ ఏ పేషెంట్ కంట్లోకి చూసినా నాకు బేడీలే కనిపించాయి. గురువారం మధ్యాహ్నం ప్రకాశంగారు వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

"మీ కొడుకైతే ఏం చేసేవారు?"

మా రిసెప్షన్‌లోంచే రిపోర్ట్ ఆర్మీకి ఫ్యాక్స్ చేయించాను. హియరింగ్ రద్దయింది. కొన్ని వారాలకు అతన్ని మెడికల్ డిశ్చార్జ్ మీద పంపేశారు.

తర్వాతి చెకప్‌కి జోయెల్ ఒక్కడే వచ్చాడు. చూపు బాగుందని చెప్పి, తప్పు ఒప్పుకున్నాను. "మాట తప్పాను. భయపడ్డానురా."

"డాడీ కూడా. ఐ నో." అని అడిగాడు. "ఆ రోజు నేను రిపోర్ట్ ఇవ్వొద్దన్నానని నా చార్ట్‌లో రాశారా?"

రాయలేదు.

"రాయండి అంకుల్. ఎందుకు వద్దన్నానో కూడా. ఆర్మీ ఫైల్ క్లోజ్ చేసేశారు. అందులో నా కన్ను గురించే ఉంటుంది."

రింగ్ పోయింది సరే, అది కంటి పని. చెప్పుకోవలసిన మాట పోయింది మాత్రం నా వల్ల. అతని ముందే లేట్ ఎంట్రీ అని తేదీ వేసి రాశాను. పేషెంట్ వద్దన్నా పంపింది నేనేనని కూడా రాశాను. ఆ తర్వాత పేషెంట్ ఒప్పుకోకుండా ఒక్క కాగితం నా క్లినిక్ దాటలేదు, అడిగింది కన్నతండ్రి అయినా సరే.

నా రాత మా నర్సులకే అర్థమయ్యేది కాదు. ఆ ఆరు లైన్లూ మాత్రం ఎవరైనా చదవగలిగేలా రాశాను.