మావయ్య ఎంచిన జాకీ

బండి దిగబడిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, ఎంత ఎత్తు లేపాలని అందరూ అడుగుతారు. మా మావయ్య మాత్రం, "కింద జాగా ఎంతుంది? జానా, బెత్తెడా?" అని అడిగేవాడు. తారు రోడ్డు ఆగిపోయి క్వారీ దారి మొదలయ్యేచోట మా గరాజు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఆయన పని అదే. రాళ్లలో, బురదలో ఇరుక్కున్న జీపుల్ని లేపడం, లేపినచోటే బాగుచేసి నడిపించుకు రావడం. నేను ఆయన మేనల్లుణ్ణి. అదే గరాజులో వెల్డింగు చేస్తాను.

ఆ ఏడు ఆయనకు నడుం పట్టేసింది. వంగితే లేవడం కష్టమైంది. గరాజు ఓనరు గమనించాడు. కొండ మీద సర్వే చేసే కంపెనీ జీపుల పని మాకు రాబోతోంది. దానికోసం, ఇరుక్కున్న జీపుల దగ్గరికి సామాన్లతో వెళ్లే రికవరీ బండి ఒకటి కొన్నాడు. దాని వెంట వెళ్లే మనిషి ఒక్కడే. మావయ్యా, ఓనరు బావమరిదా అన్నది తేలాలి.

"కంపెనీ ఇంజినీరు ముందు పని చేసి చూపించు. ఆయన సరేనంటే బండి నీది. లేదంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తా," అన్నాడు ఓనరు, అదేదో వరం ఇస్తున్నట్టు.

టైర్ల కొట్టు వెనక ఒంటిగదిలో మావయ్య కాపురం. తలుపు వెనక మేకుకి ఆయన నూనెచొక్కా, దాని కింద అత్తయ్య కుట్టుమిషను.

"గేటు దగ్గరయితే నీడపట్టున ఉంటారుగా," అంది అత్తయ్య దారం కొరుకుతూ.

"కుర్చీలో కూలేస్తే నెల్లాళ్లకి నా పేరు కూడా మర్చిపోతారే."

"ఇప్పుడు గుర్తుందా ఏంటి? జాకీ అనేగా పిలుస్తారు!"

మావయ్య నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

రికవరీ బండిలో ఒక్క జాకీయే పెడతానన్నాడు ఓనరు. ఏది కావాలో చెప్పమన్నాడు. మావయ్య గోనెపట్టా పరిచి, గరాజులో ఉన్న మూడు రకాలూ వరసగా పెట్టాడు.

"ఈ కత్తెర జాకీ తారు రోడ్డు మీద మహారాజు. బురదలో దిగితే కాళ్లు తేలేస్తుంది." తర్వాత పొడుగ్గా, ఒంటినిండా పళ్లున్న నిలువు జాకీని తట్టాడు. "ఇది చక్రాన్ని గుంటలోంచి పీకుతుంది, కాదనను. కానీ ఒరిగిపోయే గుణం. పిడి జారితే దవడ పగులుతుంది. దీన్ని నమ్మి బండి కింద దూరినవాడు మళ్లీ రాడు. రిపేరంటే దూరాలిగా?" చివరికి లోపలి నూనె ఒత్తిడితో లేచే పొట్టి సీసా జాకీ మీద చెయ్యి వేశాడు. "ఇదీ. ఇరుసు కింద పెట్టి, అడుగున వెడల్పాటి చెక్క వేస్తే నేల మింగదు. జాగా చాలకపోతే తవ్వుకుంటాం."

"తవ్వడానికి నడుం ఉందా, పండితా?" అన్నాడు బావమరిది.

"చేతులున్నాయిలే."

కొత్తది కొనక్కర్లేదు, ఈ పాతదాన్నే కొత్తది చేస్తానన్నాడు మావయ్య. ఓనరు మెప్పుకోసం అన్న మాట అది. మెప్పు కోరుకునేవాడికి ఆ గరాజులో దక్కేది ఏముంటుంది?

జాకీ విప్పి, కడిగి, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు కొత్తవి వేశాడు. జాకీ నూనె డబ్బా అడుగంటింది. అరలోంచి బ్రేక్ నూనె తీసి పోశాడు. దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు మావాళ్లందరూ చేసే పనే. పూట గడుస్తుంది, గరాజుకు రాగానే కడిగేస్తారు. అలాగే వదిలేస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని నేను ఒక పాత కంపెనీ పుస్తకంలో చదివాను. ఇదివరకోసారి అందులోని మాట ఇంకేదో చెబితే, "ఆ పుస్తకం బండి కింద పెట్టి లేపరా, చూద్దాం," అన్నాడు. ఇప్పుడేమో బావమరిది పక్కనే ఉన్నాడు. వాడి ముందు ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. పరీక్ష మర్నాడేగా, ఆగుతుందిలే అనుకున్నాను.

ఇంజినీరు మర్నాడు రాలేదు. ఎనిమిదో రోజున వచ్చాడు. ఆ మధ్యలో చెప్పి ఉండొచ్చు. మావయ్య రోజూ ఆ జాకీని గుడ్డతో తుడుస్తుంటే నాకు నోరు రాలేదు.

షెడ్డు వెనక ఇసక గుంటలో జీపును ఇరుసు దాకా దించారు. మావయ్య బోర్లా పడుకుని చేత్తో ఇసక తోడాడు. చెక్క వేసి జాకీ నిలబెట్టాడు. పిడి కొట్టేకొద్దీ చక్రం పైకొచ్చింది. ఇంజినీరు తలూపాడు. మావయ్య ఎప్పటిలాగే ముందు స్టెప్నీ చక్రాన్ని బండి కింద దూర్చి, తర్వాత తాను వంగబోయాడు. అప్పుడు బండి దిగడం మొదలుపెట్టింది. దబ్బున కాదు, గొడ్డు మోకాళ్లు మడిచి కూర్చున్నట్టు మెల్లగా. స్టెప్నీ మీద ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మావయ్య మళ్లీ కొట్టాడు. లేచింది, దిగింది. మళ్లీ కొట్టాడు. చెక్క మీదికి నూనె కారుతోంది.

"చాల్లెండి," అన్నాడు ఇంజినీరు.

"పండితుడితో పాటు జాకీ కూడా రిటైరైపోయింది!" అన్నాడు బావమరిది.

ఓనరు నూనెను వేలికి రాసుకుని వాసన చూశాడు. "ఏం పోశావ్?"

"బ్రేక్ నూనె."

"ముప్పై ఏళ్ల అనుభవం," అన్నాడు ఓనరు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

నాకు ముందే తెలుసన్న సంగతి మావయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.

కొత్త నిలువు జాకీతో, బావమరిదితో రికవరీ బండి వెళ్లొస్తోంది. మావయ్య గేటు తీస్తాడు, వేస్తాడు. మొదట్లో డ్రైవర్లు ఆగి, "జాకీ బాబాయ్, వెనక చక్రం కూరుకుపోయింది, ఎక్కడ ఎత్తమంటావ్?" అని అడిగేవారు. ఆయన లేచి, నేల మీద పుల్లతో గీసి చూపించేవాడు. ఓసారి ఓనరు అందరి ముందూ గదమాయించాడు, గేటు వదిలిపెట్టి పాఠాలేంటని.

మొన్న ఓ లారీ డ్రైవరు అడిగితే మావయ్య కుర్చీలోంచి కదల్లేదు.

"నాకు తెలీదు బాబూ. లోపల అడుగు."

ఆ డ్రైవరు లోపలికొచ్చి నన్నే అడిగాడు. నాకు వెల్డింగు తప్ప ఇంకేమీ రాదు.