సభలో అత్తయ్యగారు అడిగిన మాట

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "అమ్మ లేవట్లేదు వదినా" అంది. కూతురింటికని వెళ్ళిన మా అత్తయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఈ ఊళ్ళో నా పక్కన నిలబడేదెవరు అనిపించింది.

ఆవిడ గురించి మీలో చాలామందికి తెలియదు. మాది నందిగామ దగ్గర ఒక చిన్న ఊరు. ఆవిడ జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు వాళ్ళింట్లో పుట్టి, మా ఊరికి కోడలిగా వచ్చారు. మావయ్యగారు పోయాక గ్రామసభలకు వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. గంజిపెట్టిన నేత చీర కట్టుకుని, అందరికంటే ముందు వెళ్ళి ఫ్యాను కింద కూర్చునేవారు. మురుక్కాలవ పూడిక, వెలగని వీధి దీపం, కుళాయిలో వచ్చే ఎర్రనీళ్ళు, ఇవే ఆవిడ అడిగేవి. "అడగందే అమ్మైనా పెట్టదు, పంచాయతీ పెడుతుందా?" అనేవారు.

లేచి మాట్లాడే ముందు చెంగు ముడి విప్పి ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"భయానికే అమ్మాయ్. నోరెండితే మాట తడబడుద్ది. తడబడితే నవ్వుతారు" అన్నారు.

అప్పట్లో నేను పొదుపు సంఘాలకు యానిమేటర్ని. సంఘాల సమావేశాలు పెట్టించడం, ఆడవాళ్ళకు బ్యాంకు పనులు చూడటం నా ఉద్యోగం. పర్మినెంటు కాదు. పైవాళ్ళకు నచ్చకపోతే ఒక్క ఫోనుతో పోతుంది. మా ఆయన చేసే ట్రాక్టర్ల రిపేరు పని ఏడాదంతా ఉండదు. ఇల్లు నా జీతం మీదే నడిచేది.

ఎన్నికలు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక గ్రామసభ జరిగింది. పైనుంచి వచ్చిన అధికారి మంచినీళ్ళ పథకం గురించి చెప్పి, గొంతు మార్చకుండా ఇంకో సంగతి ఎత్తుకున్నాడు. "రేపు నందిగామలో మన నాయకుడి మీటింగు. పొద్దున్నే బస్సులొస్తాయి. సంఘాల ఆడవాళ్ళందరూ ఎక్కాలి. రానివాళ్ళెవరో యానిమేటర్ నాకు చెప్తుంది. తర్వాత పింఛను ఆగింది, లోను రాలేదు అంటే నన్నడగొద్దు."

ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి పార్టీ పని చెయ్యకూడదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఓరగా చూస్తే అత్తయ్యగారి వేళ్ళు చెంగు ముడి విప్పుతున్నాయి. వద్దని కళ్ళతోనే బతిమాలాను. ఆవిడ నన్ను చూశారు. చూసి కూడా లేచారు.

"అయ్యా, ఒక్క మాటండి. ఇప్పుడు మీరు చెప్పింది గవర్నమెంటు మాటా, పార్టీ మాటా?"

అధికారి చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడాయన.

"ఈ ఊరిదాన్నేనండి. గవర్నమెంటు మాటైతే పొయ్యి మీద అన్నం దించైనా వస్తాం. పార్టీ మాటైతే పార్టీవాళ్ళని వచ్చి అడగమనండి. మీరెందుకండి అడగటం?"

వెనక నుంచి ఎవరో, సాయం చేస్తున్నట్టుగా, "యానిమేటర్ గారి అత్తగారండి" అన్నారు. అధికారి చూపు ఆవిణ్ణి వదిలి నా మీదికొచ్చి ఆగింది. ఆయన తిట్టలేదు. నవ్వాడు.

ఇంటికొచ్చాక ఏడ్చాను. "నా ఉద్యోగం పోతే ఎట్లా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ అన్నం కలుపుకున్నారుగానీ ముద్ద ఎత్తలేకపోయారు.

"నాకూ భయమేనే. కానీ నా కోడల్ని తీసుకుపోయి ఊరి మీద కాపలా పెడతానంటే ఊరుకోబుద్ధి కాలా" అన్నారు.

మర్నాడు బస్సు వచ్చి హారను కొడుతూ నిలబడింది. చాలామంది ఎక్కారు. మా సంఘం లీడరు కిటికీలోంచి మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. నాకు కోపం వచ్చింది. అత్తయ్యగారు మాత్రం, "ఎక్కినోళ్ళని ఒక్క మాటనకు. ఆ పిల్ల మొగుడు మంచంలో ఉన్నాడు. పింఛను ఆగితే మందులాగుతాయి" అన్నారు.

ఆ వారంలోనే నందిగామ ఆఫీసుకు రమ్మని ఆ అధికారి నుంచి నాకు కబురొచ్చింది. అత్తయ్యగారు తోడొచ్చారు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ వరండాలో ఉండిపోయారు, నేను లోపలికెళ్ళాను.

"రానివాళ్ళెవరు?" అన్నాడాయన.

"నేను చూళ్ళేదండి" అన్నాను.

"మీ అత్తగారిని అదుపులో పెట్టుకో. నీ పనికి బోలెడుమంది ఉన్నారు" అన్నాడు.

నెల తిరక్కుండా నన్ను తీసేశారు. ఎందుకో చెప్పలేదు. అత్తయ్యగారు ముందుగదిలో చిన్న కిరాణా కొట్టు పెట్టించారు. త్రాసు పట్టడం, చింతపండు చూడగానే పాతదో కొత్తదో చెప్పడం ఆవిడే నేర్పారు. మొదట్లో ఎవరూ మా గడప తొక్కలేదు. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అటూ ఇటూ చూసుకుని, కొన్నది చెంగు కింద దాచుకుని వెళ్ళేవారు. ఆ కొట్టే మమ్మల్ని నిలబెట్టింది.

ఎన్నికలయ్యాక ఆ అధికారికి బదిలీ అయింది. మా ఊరి సభలో మళ్ళీ ఎవరూ మైకులో పార్టీ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఫోన్లలో చెప్తున్నారట. ఆవిడ ప్రతి సభకూ వెళ్ళారు. అయితే పొద్దువాలాక వీధి తలుపు గడియ వేసి, మళ్ళీ లేచి తడిమి చూసుకునేవారు. ఆ భయం చివరిదాకా పోలేదు.

జగ్గయ్యపేట నుంచి ఆవిణ్ణి మా ఇంటికి తెచ్చిన రోజు, మా ఇంటికి కాస్త అవతల ఒక తెల్ల కారు ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. పార్టీవాళ్ళదో, ఆఫీసువాళ్ళదో, ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. పరామర్శకే వచ్చారేమో. అయినా ఆడవాళ్ళు దాన్ని చూసి, పెరటి దారిన ఒక్కొక్కరే లోపలికొచ్చి గోడవారగా కూర్చున్నారు. బస్సెక్కినవాళ్ళు, ఎక్కనివాళ్ళు అందరూ ఉన్నారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు.

పాడె లేచింది. మాలో ఆడవాళ్ళు వీధి చివరిదాకా సాగనంపుతారు. ఆ కారు దాటే వెళ్ళాలి. గుమ్మం దగ్గర అందరూ ఆగారు. సంఘం లీడరు కొంగు నెత్తిన కప్పుకుని నా వేళ్ళు పట్టుకుంది. ఆమె వేళ్ళు ఇంకెవరో పట్టుకున్నారు. అట్లాగే తలలొంచుకుని వీధిలోకి దిగాం. ఎత్తిన ఆ నల్లటి అద్దాల మీద మా కొంగుల రంగులు ఒకదాని వెంట ఒకటి మెల్లగా కదిలిపోయాయి.