చింతపండు టాకీసులో ఉయ్యాలలు

పాత చీరతో కట్టిన ఉయ్యాల ఇనుప కొక్కెం మీద ఊగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. కిర్రుమని మొదలై, మధ్యలో ఆగి, మళ్ళీ కిర్రుమంటుంది. పెనుకొండలో మా కల్యాణ మండపం భోజనాల హాల్లో ఆ చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఎంత పనున్నా నేనొక్క క్షణం నిలబడిపోతాను. మొన్న హాలుకు కొత్త హంగులు చేద్దామని అనంతపురం నుంచి ఒక కుర్ర ఇంజనీరును పిలిపించాం. అతను తలెత్తి పైకప్పు చూసి, "మేడమ్, కొత్త సీలింగు వేస్తే ఈ పాత కొక్కేలు అడ్డం. కోసేద్దాం, హాలు నీటుగా ఉంటుంది" అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. ఆ మాట దస్తగిరి సారు విని ఉంటే ఆ పిల్లవాడి గతి ఏమయ్యేదో తలుచుకుంటే వచ్చిన నవ్వు అది.

దస్తగిరి సారు డెబ్బైల చివర్లో హిందూపురంలో ఒక సినిమా హాలు మేనేజరు. హాలుకు మంచి పేరే ఉండేది కానీ ఊళ్ళో అందరూ చింతపండు టాకీసు అనేవారు. యజమాని రంగయ్య శెట్టి చింతపండు వ్యాపారి. వాళ్ళ నాయన కాలంలో అది చింతపండు గోడౌను. తెర కట్టి, కుర్చీలు వేసి ఎన్నేళ్ళయినా వాన పడిందంటే గోడల్లోంచి పులుపు వాసన వచ్చేది. మా నాయన శెట్టిగారి మండీలో గుమాస్తా. ఆడవాళ్ళ టికెట్ల కిటికీ దగ్గర కూర్చోడానికి పది చదివిన ఆడపిల్ల కావాలంటే, మా అవ్వ శాపనార్థాలు పెడుతున్నా వినకుండా నాయన నన్ను అక్కడ చేర్చాడు. ఇంటి గడప దాటడానికి నాకు దొరికిన దారి అదొక్కటే. నెల జీతం కంటే ఆ గడప దాటడమే నాకు గొప్పగా ఉండేది.

సారు మనిషి ఆరడుగులుంటాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చెవిలో అత్తరు దూది. తనంతటి మేనేజరు బళ్ళారి నుంచి బెంగుళూరు దాకా లేడని తానే చెప్పుకునేవాడు. కోపం ముక్కు మీద ఉండేది. మొదటి రోజు నాకు టికెట్లు ఇవ్వలేదు. హాల్లో ఆడవాళ్ళు కూర్చునే తరగతిలో తెరకు వీపు పెట్టి ఒక కుర్చీ వేయించాడు.

"కూచో. ఆట అయ్యేదాంక ఎనక్కి తిరిగితే ఉద్యోగం లేదు" అన్నాడు.

"మరి సినిమా ఎట్ల చూసేది సార్?"

"సినిమా నువ్వు చూసేదానికి కాదమ్మా. చూసేటోళ్ళను చూడు. ఎవురు యాడ నవ్విరి, ఎవురు యాడ లేసి పోయిరి, సాయంత్రం నాకు చెప్పల్ల."

నాకు ఏడుపు వచ్చింది. నా వెనక పాటలు వస్తున్నాయి, ఫైటింగులు జరుగుతున్నాయి, నేను మాత్రం ముఖాలు చూస్తూ కూర్చున్నాను. అయితే గంట గడిచేసరికి ఆ ముఖాలే నాకు సినిమా అయిపోయాయి.

ఆయనకు లోకంలో ప్రతి వస్తువూ ఎవరో ఒకరు ఆలోచించి చేసిందే. ఒకసారి గోలీసోడా ఇప్పించి, సీసా మెడకు ఆ రెండు నొక్కులు ఎందుకుండాయో చెప్పమన్నాడు. పుట్టినప్పటి నుంచి తాగుతున్నానే కానీ నాకు తెలియదు. నొక్కులు కిందికి ఉండేలా వంచి తాగమన్నాడు. గోలీ వచ్చి ఆ నొక్కుల్లో కుదురుగా కూర్చుంది, సోడా ధారగా నోట్లోకి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అందరికీ సోడా ఎలా తాగాలో పాఠం చెప్పి, అవ్వతో తిట్లు తిన్నాను. సినిమాల్లో గొప్పోళ్ళ ఇళ్ళలో హాలు మధ్యలో మెట్లు ఎందుకుంటాయని ఇంకోరోజు అడిగాడు. ఎక్కడానికి అన్నాను. "ఎక్కేదానికైతే మూలన కడ్తారు గదమ్మా. అవి ఆయమ్మ దిగుతాంటే మనం చూసేదానికి" అని తనే పెద్దగా నవ్వాడు. గోరంట్ల రోడ్డు మీద పోస్టర్లు అంటించేవాణ్ణి బస్సు కిటికీ ఎత్తుకు అంటించమని పోరేవాడు. నడిచేవాళ్ళు ఎలాగూ మెడ తిప్పి చూస్తారు, బస్సులో కూర్చున్న ఆడవాళ్ళకు ఎవరు చూపిస్తారని ఆయన వాదన.

ధర్మవరం ఆయన సొంతూరు. వాళ్ళన్న ఇంట్లో మగ్గాలుండేవి. రైల్లో వచ్చే ఫిల్ము పెట్టెలు తేవడానికి ఒకసారి నన్నూ నాయననూ వెంటబెట్టుకుని ధర్మవరం స్టేషనుకు వెళ్ళి, దారిలో ఆ ఇంటికి తీసుకుపోయాడు. మగ్గం మీద పట్టుచీర కొంగు నేస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పక్కకు వచ్చి, "చీరంతా ఒక ఎత్తు, కొంగు ఒక ఎత్తు. అంత పని కొంగులోనే ఎందుకు పెట్టిరి?" అన్నాడు.

"కట్టుకున్నామెకు అందంగా ఉండాలని."

"కట్టుకున్నామెకు అది కనపడనే కనపడదు గదమ్మా. ఎనక నడిచొచ్చేటోళ్ళకు అది. ఏది చూసినా ముందు అడుగు, ఇది ఎవురికి అని."

తిరుగు రైల్లో కిటికీ చువ్వల నుంచి టీ గ్లాసు దాకా కనపడిన ప్రతిదాన్నీ ఇది ఎవరికని అడుగుతూ కూర్చున్నాను.

అలా హాయిగా సాగుతుండగా ఊళ్ళో కొత్త థియేటరు వచ్చింది. మెత్తటి కుర్చీలు, రంగు లైట్లతో పైకి లేచే తెర, పాలరాతి మెట్లు. జనమంతా అటు పోయారు. మాకు మిగిలింది పాత సినిమాలు, నేల టికెట్టు వాళ్ళు, గోడల పులుపు వాసన. ఒకరోజు మ్యాట్నీ ఆటకు ఆడవాళ్ళ కిటికీలో నేను ఒక్క టికెట్టు కూడా చింపలేదు. ఆ సాయంత్రమే రంగయ్య శెట్టి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, వ్యాపారి.

"ఏమప్పా దస్తగిరీ, ఈ ఈగలు తోలుకునేది ఎన్నాళ్ళు? కొత్త చింతపండు దిగేలోపల హాలు నిండల్ల. లేకుంటే కుర్చీలు పీకేసి బస్తాలు ఏపిస్తా. నా గోడౌను నాకు ఉంటాది."

"నిండుతాది శెట్టిగారూ."

"యాడ నిండుతాది? ఎట్ల నిండుతాది?"

సారు చెవిలో అత్తరు దూది సర్దుకుంటూ పోయి టికెట్ల కిటికీ మూసేశాడు.   హాలు పోతే సారు మేనేజరు గిరీ పోతుంది. నేను మళ్ళీ వంటింట్లో అవ్వ పక్కన కూర్చోవాలి, గడప లోపల.

మర్నాటి నుంచి మళ్ళీ తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. వచ్చే కొద్దిమంది ఆడవాళ్ళలో చంటిపిల్లల తల్లులు ఎక్కువ. వాళ్ళు టికెట్టు కొన్నది కుర్చీకి, చూసేది మాత్రం తలుపు పక్కన నిలబడి. భుజాన బిడ్డను ఊపుతూ, ఏడిస్తే బయటికి పోతూ, ఇంటర్వెల్లుకు విసిగిపోయి ఇంటికి వెళ్ళిపోతారు. సాయంత్రం సారుకు ఇదే చెప్పాను. ఆయన ఊ కొట్టాడంతే. రెండు రోజులకే గోరంట్ల నుంచి బస్సులో వచ్చిన ఒకామె, వెంట తెచ్చుకున్న పాత చీర మడతలో బిడ్డను వేసి, ఒక కొస కిటికీ చువ్వకు, ఇంకో కొస తలుపు గడియకు కట్టేసింది. తలుపు తెరుచుకోదు, బయటివాళ్ళు బాదుతున్నారు, గేటు మనిషి కేకలు. సారు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. ఉయ్యాలను చూశాడు, అందులో నిద్రపోతున్న బిడ్డను చూశాడు, గొంతు తగ్గించేశాడు.

"ఏమ్మా, తలుపుకే కట్టల్లనా? ఇంక యాడా దొరకలేదా?"

"యాడన్నా ఒక కొక్కెం ఉంటే కదా సామీ కట్టేది" అందామె, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆయన తలెత్తాడు. నేనూ ఎత్తాను. నల్లరంగు పూసిన దూలాలకు వరసగా ఇనుప కొక్కేలు. చింతపండు బస్తాలు తూచే తక్కెడలు వేలాడదీసిన కొక్కేలు. ఇన్నేళ్ళు వాటి కిందే తిరిగాం, ఇద్దరం చూసేవాళ్ళమే, ఒక్కరికీ కనపడలేదు. సారు నా నెత్తిన చేయి పెట్టి, "నాగమణీ, మనం కళ్ళుండే గుడ్డోళ్ళం" అన్నాడు. ఆ సంతోషం ఆయన ముఖంలో చూసి నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

కొక్కేలకు గొలుసులు, గొలుసులకు రింగులు వేయించాడు. ఒక చీర కట్టి, బిడ్డ బదులు గుమ్మడికాయ పెట్టి ఊపి చూశాం. ఆపరేటరు పైనుంచి సినిమా వేశాడు. హీరోయిను ఏడుస్తుంటే ఆమె ముఖం మీద గుమ్మడికాయ నీడ అటూ ఇటూ ఊగింది. సారు తల కొట్టుకుని, ఉయ్యాలలను వెలుతురు పడని గోడవైపు దూలానికి మార్పించాడు. బిడ్డ కదిలినప్పుడల్లా తల్లి లేవకూడదు కదా అని నేను ప్రతి ఉయ్యాలకూ ఒక తాడు కట్టి కొస కుర్చీ చేతికి ముడివేశాను. సారు కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, తాడు లాగి గుమ్మడికాయను ఊపి చూశాడు. "ఇది నాకు తట్టలేదమ్మా" అన్నాడు. గొప్పలు తప్ప మాట్లాడని మనిషి నోట ఆ మాట విన్నాక నాకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. గొలుసులకు నూనె వేయబోతే మాత్రం కసిరాడు. ఆ చప్పుడుకే బిడ్డ నిద్రపోతుందట.

గోరంట్ల, చెన్నేకొత్తపల్లి బస్సులు ఆగే చోట్లలో పంచిన కరపత్రం మీద హీరో బొమ్మ లేదు, ఉయ్యాల బొమ్మ ఒక్కటే. అది చూసి శెట్టిగారు మండిపడ్డాడు.

"సినిమాకు పిలుస్తాండావా, నామకరణానికి పిలుస్తాండావా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నెట్ల, మనుషులే లేరంటే ఉయ్యాలలంట!"

"ఆయిత్వారం మ్యాట్నీకి రాండి శెట్టిగారూ. మీకు సీటు ఉంటాదని మాత్రం చెప్పలేను" అన్నాడు సారు. ధైర్యం తిరిగొచ్చిందని నాకు అర్థమైంది.

ఆదివారం మొదటి గంట కొట్టారు. కిటికీ ముందు ఎవరూ లేరు. రెండో గంట కొట్టేసరికి పదిమంది ఉన్నారేమో. సారు చొక్కా వీపున తడిసిపోయింది. అప్పుడు సందు మొదట్లో గలగల మాటలు వినిపించాయి. గోరంట్ల బస్సు దిగిన ఆడవాళ్ళు, చంకన బిడ్డలు, చేతిలో మడిచిన పాత చీరలు. వాళ్ళ వెనక అత్తలు, అక్కలు, వాళ్ళను దిగబెట్టడానికి వచ్చి తామూ ఉండిపోయిన మగవాళ్ళు. టికెట్లు చింపి చింపి నా చేతులు నొప్పెట్టాయి. మూడో గంట కొట్టక ముందే టికెట్లు అయిపోయాయి. హౌస్‌ఫుల్ బోర్డు కోసం వెతికితే అది నీళ్ళ డ్రమ్ము మీద మూతగా ఉంది. సారే దాన్ని తన తెల్లచొక్కాతో తుడిచి గేటుకు తగిలించాడు. ఆ చొక్కా మరక చూసి మొదటిసారి ఆయన ఎవరినీ తిట్టలేదు.

శెట్టిగారు వచ్చాడు. నిజంగానే సీటు లేదు. ఆడవాళ్ళ తరగతి తలుపు పక్కన నిలబడ్డాడు. లోపల ఉయ్యాలలన్నీ ఊగుతున్నాయి. ఒక్క బిడ్డా ఏడవడం లేదు. తల్లులంతా కుర్చీల్లో వెనక్కి వాలి, ఒక చేత్తో తాడు లాగుతూ సినిమా చూస్తున్నారు. శెట్టిగారు తలెత్తి పైకి చూశాడు.

"ఇవి మా నాయన తక్కెడలు యాలాడగట్టిన కొక్కేలు గదప్పా" అన్నాడు.

"అవును శెట్టిగారూ. బస్తాలు మోసినవి, బిడ్డలొక లెక్కా?"

ఆ ఏడు కొత్త చింతపండు ఇంకో గోడౌనులో దిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు టాకీసు నిండుగా నడిచింది. పాలరాతి మెట్ల థియేటరు వాళ్ళు ఒకరోజు వచ్చి మా గొలుసులు చూసి పోయారు. సారు వాళ్ళకు సోడాలు ఇప్పించి మరీ చూపించాడు.

నా పెళ్ళయి పెనుకొండ వచ్చాను. షామియానాలు, వంటపాత్రలు బాడుగకు ఇస్తూ నేనూ మా ఆయనా ఎనభైల చివరికి ఈ మండపం కట్టుకున్నాం. గోడలు లేస్తుండగా ఒక మధ్యాహ్నం సారు బస్సు దిగి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా మడత మాత్రం నలగలేదు. టాకీసు పడగొట్టి దుకాణాలు కడుతున్నారని, కొక్కేలు పాత ఇనుముకు పోతుంటే అడిగి తెచ్చానని చెప్పాడు. వాటిని చూసి నేను ఏడ్చేశాను. ఆయన ఏడవలేదు. కట్టీ కట్టని హాలంతా తిరిగి చూశాడు.

"బువ్వ తినే కాడ పెట్టమ్మా. పెండ్లంటే బిడ్డను ఎత్తుకోనైనా చూస్తారు. బిడ్డను ఒళ్ళో పెట్టుకోని ఏ తల్లీ కడుపునిండా తినలేదు" అన్నాడు.

అదే నేను ఆయన్ని చివరిసారి చూడడం.

కుర్ర ఇంజనీరుతో నేను వాదించలేదు. మరుసటి ఆదివారం పెళ్ళి ఉంటే భోజనాల వేళకు రమ్మన్నాను. భోజనాల హాల్లో, పెళ్ళి వేదిక ఉన్న వైపుకు వీపు పెట్టి, వరసల ఎదురుగా ఒక కుర్చీ వేశాను. "వెనక్కి తిరగకు నాయనా. తినేవాళ్ళను చూడు" అని చెప్పి నా పని మీద నేను వెళ్ళిపోయాను. రెండో పంక్తి లేచేసరికి వచ్చి చూస్తే అతను కుర్చీలో లేడు. గోడ దగ్గర ఒకామె బిడ్డను భుజాన వేసుకుని, ఖాళీ కొక్కెం కోసం తలెత్తి వెతుకుతోంది. అతను ఆమె పక్కన నిలబడి తానూ పైకే చూస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, కొక్కేలు చాలడం లేదు. సీలింగులో ఇంకో వరస వేద్దాం" అన్నాడు.