మా కంపెనీ బ్యాక్‌గ్రౌండు

ఆ రోజుల్లో ఒక మనిషి సంగతి తెలుసుకోవాలంటే రెండే ప్రశ్నలుండేవి. ఏ ఊరు, ఎవరి పిల్ల. కామారెడ్డి పక్కన మా రాజంపేటలో బస్సు దిగితే చాలు, అరుగు మీద కూర్చున్న ముసలాయన "ఎవ్వలోల్ల పిల్లవే?" అని అడిగేవాడు. నేను మా బాపు పేరు చెబితే మా తాత పేరు ఆయనే చెప్పేవాడు, ఆ తాత ఎవరితో పొలం గెట్టు పంచాయితీ పెట్టుకున్నాడో అదీ చెప్పేవాడు, అంతటితో నా జీవిత చరిత్ర సమాప్తమయ్యేది. మన గురించి మనమే గొప్పగా కాగితం మీద రాసుకుని పదిమందికి పంచే ఆచారం అప్పటికింకా మా వైపు రాలేదు. అది వచ్చిన కొత్తలో దాని చేతిలో పడ్డవాళ్లలో నేనొకదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు పూర్తికాకముందే మా బోర్ల మామ ముఖం గుర్తొస్తుంది.

కామారెడ్డిలో డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసయ్యాను. (ఈ సంగతి ఎవరూ అడగకముందే చెప్పేదాన్ని. ఒక పెళ్లిలో పప్పు వడ్డిస్తూ కూడా చెప్పానని మా అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.) ఇంట్లో అమ్మా, అక్కా బీడీలు చుట్టేవాళ్లు. నా కోసం కూడా తునికాకు, తంబాకు పోసిన ఒక చాట తయారుగా ఉండేది. నేను చుట్టిన బీడీలు ఒకటి చిటికెన వేలంత, ఒకటి బొటనవేలంత వచ్చేవి. అమ్మ వాటిని విప్పి మళ్లీ చుట్టుకుంటూ, నన్ను కన్నందుకు తనను తానే తిట్టుకునేది. అలాంటి సమయంలో మా అమ్మకు అన్న, అంటే నా మేనమామ, కామారెడ్డిలో కంపెనీ ఆఫీసు పెడుతున్నాననీ టైపు వచ్చిన పిల్ల కావాలనీ కబురు చేశాడు. నేను ఎగిరి గంతేశాను. బాపు మాత్రం బీడీ ఆర్పి ఒకే మాట అన్నాడు. "ఆఫీసు నడిచినన్ని దినాలు పో బిడ్డా. అది మూతవడ్డనాడు వచ్చి చాట ముందల కూసో. మల్ల ఇంకో నౌకరి, ఇంకో నౌకరి అని కామారెడ్డి రోడ్లు పట్టుకొని తిరుగుడు లేదు." అలా ఆ ఆఫీసు ఆయుష్షే నా ఆయుష్షు అయింది.

మామకు బోర్ల లారీ ఉండేది. బిక్‌నూరు నుంచి ఎల్లారెడ్డి దాకా బోరు వేయని ఊరు లేదు కాబట్టి, చిన్నాపెద్దా అందరికీ ఆయన బోర్ల మామే. ప్రైవేటు వాళ్లు కూడా కరెంటు తయారు చేయవచ్చని పేపర్లలో వస్తున్న కాలమది. ఎల్లారెడ్డి అవతల ఒక గుట్ట నిండా తెల్లటి పలుగురాయి ఉందనీ, దాన్ని తవ్వి అమ్మవచ్చనీ, పక్కనే రైసుమిల్లుల ఊక తగలబెట్టి కరెంటు పుట్టించవచ్చనీ మామకు ఎవరో చెప్పారు. ఇంకేం, ముగ్గురు డైరెక్టర్లు తయారయ్యారు. గనుల విభాగానికి మామ. కరెంటు విభాగానికి, ఎల్లారెడ్డిలో స్తంభాలెక్కి ఎక్కి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన లైన్ సాబ్. ఇక మూడో ఆయన ఆ గుట్ట కింది భూముల ఆసామి, గుట్ట పటేలు. ఈయన ఏ విభాగమో ఆయనకే తెలియదు, మీటింగులకు వచ్చి చాయ్ తాగి నిద్రపోయేవాడు.

స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన ఆఫీసు. బోర్డు రాసిన పెయింటరు 'ఎనర్జీ అండ్ మైనింగ్ ప్రాజెక్ట్' అన్నది ఒక మూలకు ఇరికించి, మిగిలిన స్థలమంతా 'డెవలపర్స్' అని ఏనుగంత రాశాడు. దాంతో పెళ్లిళ్ల సీజను మొదలవగానే కెమెరా రీళ్లు పట్టుకుని జనం మెట్లెక్కి రావడం మొదలైంది. "అక్కా, గీ రీలు డెవలప్ జేస్తరా? పొద్దుగాల్లకు ఫోటోలు గావాలె" అనేవాళ్లు. నేను విసుక్కుంటే మామ నవ్వేవాడు. "ఎందుకు గరమైతవు కోడలా? ఏదో ఒకటి డెవలప్ జేయుమనే గద అడుగుతుండ్రు."

అలా ఈగలు తోలుకుంటున్న మాకు హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మీ ప్రాజెక్టు చూస్తాం, నచ్చితే మీతో కలుస్తాం, ముందు మీ 'లీడర్‌షిప్ బ్యాక్‌గ్రౌండ్' తయారు చేసి పెట్టండి అన్నారు. వాళ్లు కలిస్తే ఆఫీసు నిలుస్తుంది, లేకపోతే అద్దె కూడా కట్టలేమని మామ అప్పటికే అంటున్నాడు. కళ్ల ముందు చాట, తునికాకు కట్ట కనిపించి, నేను ఫోను పెట్టేసిన చేత్తోనే పని మొదలుపెట్టాను. ముందు మామకే చెప్పాను. మామ లీడర్‌షిప్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. మన వెనుక ఏ లీడరున్నాడో అడుగుతున్నారని అర్థం చేసుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, 'వానికి బ్యాక్‌గ్రౌండు ఉన్నది' అంటే మా దగ్గర ఇప్పటికీ అర్థం అదే. సాయంత్రానికి ఎప్పుడో ఒక సభలో ఒక నాయకుడికి దండ వేస్తున్న ఫోటో పట్టుకొచ్చాడు. అందులో నాయకుడి ముఖం దండ చాటున ఉంది, మామ ముఖం ఇంకొకాయన మోచేతి చాటున ఉంది. "గీ చెయ్యి నాదే" అని చూపించాడు.

ఇక, మా ఆఫీసు ఫోనుకు ఎస్టీడీ లేదు కాబట్టి, లైన్ సాబ్‌కు బజారులోని ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాను. లైనులో గరగరలు. "సాబ్, మీ బ్యాక్‌గ్రౌండు గావాలె, అర్జెంటు, రేపే తీసుకొని రాండ్రి!" అని బజారంతా వినబడేలా అరిచాను. "ఠీక్ హై బేటీ, పక్కా తెస్త" అన్నాడాయన. మర్నాడు ఎల్లారెడ్డి బస్సు టాపు మీంచి ఒక పెద్ద గుడ్డచుట్ట దింపించి, హమాలీ నెత్తిన పెట్టించి, మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు. చుట్ట విప్పితే ఫోటో స్టూడియో తెర! పాలరాతి మెట్లు, రెండు హంసలు, పైన పున్నమి చంద్రుడు. "ఎల్లారెడ్డిల దీన్ని మించిన బ్యాక్‌గ్రౌండు లేదు బేటీ. స్టూడియోవోని కాళ్లావేళ్లా వడి తెచ్చిన. పనైనంక వాపస్ ఇయ్యాలె" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామకు మాత్రం తెర తెగ నచ్చింది. గోడకు పెచ్చులూడిన చోట మేకులు కొట్టి, తన కుర్చీ వెనుక కట్టించాడు. (పటేలు సంగతి అడగకండి. తన ముత్తాత ముత్తాత దగ్గర మొదలుపెట్టి, నేను కాగితం మార్చేలోపే నిద్రపోయాడు.)

ఇలా లాభం లేదని ముగ్గురి సంగతీ నేనే రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ ఆ రోజు పనికొచ్చాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తూ, కాయ లేచి నిలబడ్డ చోట బోరు వేయించే మా మామ, నా టైపు మిషన్‌లోంచి 'దేశీయ భూగర్భ అన్వేషణ పద్ధతులలో విశేష కృషి చేసిన నిపుణుడు'గా బయటికొచ్చాడు. గాలివానకు తెగిన తీగలు కట్టిన లైన్ సాబ్ 'విద్యుత్ వ్యవస్థల పునరుద్ధరణకు జీవితాన్ని అంకితం చేసిన సాంకేతిక దార్శనికుడు' అయ్యాడు. గుట్ట మీద మేకలు మేపించుకునే పటేలు 'ఖనిజ భూముల నిర్వహణలో తరతరాల అనుభవం' సంపాదించుకున్నాడు. రాసింది చదువుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను. పేజీ అంచులు సరిచేసి, ఎవరూ ముట్టకుండా ఫైలులో దాచాను. వాళ్లకు చదివి వినిపించాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

హైదరాబాదు నుంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్ద సారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మామ వెనుక హంసలను కాసేపు చూసి, "అదేమిటండీ?" అన్నాడు. "మా బ్యాక్‌గ్రౌండు సార్" అన్నాడు లైన్ సాబ్, కొంచెం గర్వంగా. సారు దగ్గి, నేనిచ్చిన ఫైలు తెరిచాడు. మామ గురించి రాసిన పేజీ ఇంగ్లీషులో పైకి చదివాడు. మామ ప్రతి వాక్యానికీ తల ఊపుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సారు మర్యాదస్తుడు. పెద్దమనిషికి ఇంగ్లీషు రాదని గ్రహించి, అదంతా నెమ్మదిగా తెలుగులో చెప్పాడు. భూగర్భ అన్వేషణ, రాతి పొరలు, దశాబ్దాల పరిశోధన, యువతకు మార్గదర్శనం. మామ కుర్చీలో ముందుకు జరిగాడు. కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. అంతా అయ్యాక చేతులు జోడించి అన్నాడు:

"సార్, గీ పెద్దమనిషి యాడుంటడు? మాకు గిసొంటోడే గావాలె. ఎట్లన్న జేసి మా కంపెనీల కల్పుండ్రి."

లైన్ సాబ్ ఫ్యాను వంక చూశాడు. నేను టైపు మిషన్ వెనుక తల దించుకున్నాను. "మీరేనండీ" అన్నాడు సారు.

"నేనా?" మామ నా వైపు తిరిగాడు. "నేనా కోడలా?"

తల ఊపాను. మామ ముఖంలో కోపం లేదు, నవ్వు లేదు. ఎవరో తన చొక్కా వేసుకుని ఎదురుగా వచ్చినట్టు చూశాడు. మళ్లీ సారు వైపు తిరిగాడు. "అబద్ధమెందుకు సార్, నేను నాలుగు దాంక సదివిన. బోర్లు ఏస్త. నీళ్లకు కొబ్బరికాయ పట్టి సూస్త. కొన్నిసార్లు నీళ్లు పడ్తయి, కొన్నిసార్లు పడయి. గుట్టల రాయి ఎంత లోతున్నదో నాకైతే ఎర్కలేదు." సారు నవ్వాడు, మంచి నవ్వే. చాయ్ తాగి, గుట్ట చూసి, పటేలు ఇంట్లో భోంచేసి, ఆలోచించి చెబుతామని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఫోనొచ్చింది. ప్రస్తుతానికి కుదరదన్నారు.

ఆఫీసు ఖాళీ చేసే రోజున నాకు కోపం ఆగలేదు. "నువ్వు గప్పుడు సప్పుడు జేయకుండ ఉంటే అయిపోతుండె మామా! రేపటి సంది నేను చాట ముందల కూసోవాలె!" అని ఏడ్చాను. మామ నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకేమెర్క బిడ్డా, గాయిన నేనే అని" అన్నాడు. ఎప్పుడూ కోడలా అనేవాడు, ఆ రోజు బిడ్డా అన్నాడు. ఆ పేజీ తెలుగులో ఇంకోసారి చదవమన్నాడు. ముక్కు ఎగబీలుస్తూ చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. "మంచిగున్నడు. గాయిన మా ఊరికి వస్తే నేనే లేచి కుర్చీ ఇస్తుంటి" అన్నాడు. నా ఏడుపు అక్కడ ఆగింది. అంత అందంగా రాశాననుకున్న పేజీలో మామ తనకు తాను ఎక్కడా కనబడలేదు, కనబడనందుకు తప్పంతా తనదే అన్నట్టు కూర్చున్నాడు.

"అయితే నువ్వే చెప్పు మామా, నీ గురించి ఏం రాయాలె" అన్నాను. సిగ్గుపడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "రాయి. బోర్లు ఏస్తడు." రాశాను. "ఇంకా?" అన్నాను. బోరు వేసిన రోజు లారీవాళ్లందరికీ ఆ రైతు ఇంట్లోనే అన్నం పెట్టడం మా వైపు పద్ధతి. "నీళ్లు వడని ఇంట్ల బువ్వ తినడు. గంతే రాయి" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు చాట ముందు కూర్చున్నాను, బీడీలు ఇంకా అడ్డదిడ్డంగానే వచ్చాయి. పరీక్ష రాస్తానని బాపును ఏడిపించి ఏడిపించి ఒప్పించి, చివరికి ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టునయ్యాను. మామ బోర్ల లారీ ఎక్కి ఊళ్లు తిరిగాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎంతమంది పెద్దవాళ్ల గొప్పలు ఇంగ్లీషులో టైపు చేశానో లెక్కలేదు, ఏనాడూ మాట కోసం వెతుక్కోలేదు. ఆఫీసు ఖాళీ చేసిన ఆ రోజు మాత్రం మామ చెప్పిన రెండో వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారుద్దామని కాగితం ఎక్కించి, మిషన్ మీద వేళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. హయ్యర్ పాసైన దాన్ని, ఒక్క అక్షరం కొట్టలేకపోయాను. మామ కిందికి దిగి తాళం కోసం పిలుస్తుంటే, ఉత్త కాగితం బయటికి లాగి, మిషన్‌కు ముసుగు వేసి వెళ్లాను.